పెరుగు పండితుడు మెచ్నికాఫు

రాత్రి భోజనములైన పిమ్మట గోరువెచ్చని పాలలో చిటికెడు చేమిరి వేసి మూతపెట్టుట మన తల్లులు నిత్యము చేయు పని. తెల్లవారునప్పటికి అది గడ్డపెరుగై యుండును. ఈ మహారాష్ట్రమున మన పొరుగువారును దహియనియు తాక్ అనియు దానినే సేవించుచున్నారు. ఆ చిటికెడు చేమిరిలో కోట్లకొలది సూక్ష్మజీవులు కలవనియు, అవియే రాత్రికి రాత్రి పాలలోని చక్కెరను పుల్లని ఆమ్లముగా మార్చుచున్నవనియు మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చదివియే యుందురు. అట్టి సూక్ష్మజీవులకును మన ప్రేగులకును, ఆ ప్రేగులకును మన ఆయుర్దాయమునకును సంబంధము కలదని లోకమునకు బిగ్గరగా చాటిన పండితుడు ఒకడు కలడు. అతని పేరు ఇల్యా మెచ్నికాఫు. అతడు చెప్పినదానిలో కొంత నిజమయ్యెను, కొంత కాలేదు. ఏది నిలిచినదో ఏది నిలువలేదో తెలియక నేటికిని పలువురు అంగళ్లలో డబ్బు పోయుచున్నారు. కావున అతని చరిత్రమును ఇచ్చట వ్రాయ సంకల్పించితిమి.

మెచ్నికాఫు 1845వ సంవత్సరము మే నెలలో ఖార్కోవ్ నగర ప్రాంతమునందలి ఒక పల్లెలో జన్మించెను. ఆ సీమ నాడు రష్యా చక్రవర్తుల ఏలుబడిలో నుండెను. నేడు ఉక్రెయిన్ దేశములోనిది. తండ్రి చక్రవర్తి రక్షకసైన్యమున అధికారిగా పనిచేసినవాడు. తల్లి ఎమిలియా ఒక యూదు రచయిత కుమార్తె. ఐదుగురు సంతానములో ఇతడు కడగొట్టువాడు. బాల్యముననే చెట్లుచేమలన్నను పురుగుపుట్రలన్నను ఇతనికి మక్కువ మెండు. చేతికి వచ్చిన చిల్లరడబ్బులను తన అన్నలకును పల్లెపిల్లలకును పంచి, వారిని కూర్చుండబెట్టి, ప్రకృతిశాస్త్రమును గూర్చి ఉపన్యసించెడివాడట! శ్రోతలకు తానే రుసుము చెల్లించి పాఠము చెప్పిన గురువును మేము మరియొకనిని ఎరుగము.

ఖార్కోవ్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 19 ఏండ్ల వయస్సున పట్టము పొందెను. పిదప జర్మనీలోను, ఇటలీలోని నేపుల్సు సముద్రతీరమునను ఉండి, వెన్నెముకలేని సముద్రజీవులు గ్రుడ్డునుండి ఎట్లు పెరుగునో పరిశీలించెను. ఆ పనిలో కొవలెవ్‌స్కీ అను మిత్రునితో కలిసి బహుమానము గడించెను. 1867లో ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడైనప్పుడు అతనికి 22 ఏండ్లు. అతని తరగతిలో అతనికంటె పెద్దవారును కూర్చుండెడివారు.

ఇంతవరకు విజయములే. ఇక దుఃఖములు వచ్చినవి. 1869లో ల్యుడ్మిలా అను యువతిని వివాహమాడెను. ఆమె అప్పటికే క్షయరోగపీడితురాలు. పెండ్లినాడు నడువ శక్తిలేక కుర్చీలో కూర్చుండియుండగా ఆమెను దేవాలయమునకు మోసికొనిపోయిరి. ఆమెకై అతడు వెచ్చని సీమలను వెదకుచు తిరిగెను. రాత్రులు మేల్కొని అనువాదములు చేసి మందులకు డబ్బు కూడబెట్టెను. అయినను 1873లో మడీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. ఆ శోకమున అతనికి ప్రాణముమీది తీపి పోయెను. తానును మరణింప యత్నించి, ఎట్లో బ్రతికి బయటపడెను. రెండేండ్లకు ఓల్గా అను విద్యార్థినిని వివాహమాడెను. కొంతకాలమునకు ఆమెకు టైఫాయిడ్ జ్వరము వచ్చి ప్రాణముమీదికి వచ్చినది. అప్పటి రాజకీయపు అల్లకల్లోలములు, విశ్వవిద్యాలయమునందలి కలతలు, గుండెజబ్బు, అన్నియు ఒక్కమారు మీద పడగా అతడు తిరుగబెట్టు జ్వరము వచ్చిన రోగి రక్తమును తన శరీరమున ఎక్కించుకొనెను. ఆ వ్యాధి రక్తముద్వారా సోకునా యను ప్రశ్నకు సమాధానము దొరకినది, సోకినది. అతడు చావు అంచుదాక పోయి మరలివచ్చెను. ఓల్గాయు కోలుకొనెను. మృత్యువును ఇంత దగ్గరగా ఇన్నిమారులు చూచినవాడు గనుకనే, శరీరము తన్ను తాను ఎట్లు రక్షించుకొనుచున్నది అను ప్రశ్న అతనిని జీవితాంతము విడువలేదని మేము తలచుచున్నాము. అతని సిద్ధాంతములకు వెనుక ఇంతటి గాయము కలదు.

1882లో అతడు ఉద్యోగమునకు రాజీనామా యిచ్చి, కుటుంబముతో సిసిలీ ద్వీపమునందలి మెస్సీనా పట్టణమునకు వెళ్లెను. ఒకనాడు ఇంటివారందరు సర్కసు చూడబోయిరి. అతడు ఒంటరిగా సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, అద్దమువలె పారదర్శకమగు నక్షత్రమత్స్యపు పిల్లలను చూచుచుండెను. వాని శరీరములో కొన్ని కణములు అటునిటు సంచరించుచుండెను. ఏదైన పరాయి వస్తువు లోనికి వచ్చినచో ఈ సంచారకణములు దానిపైకి పోవునా? మన వ్రేలిలో ముల్లు గ్రుచ్చుకొనినచో చుట్టును చీము పట్టుట అతనికి జ్ఞప్తికి వచ్చెను. వెంటనే తోటలోనికి పోయి గులాబీముండ్లు కోసి తెచ్చి, ఆ చిన్నిజీవుల చర్మము క్రింద గ్రుచ్చెను. ఆ రాత్రి అతనికి నిదురపట్టలేదు. తెల్లవారి చూడగా ముండ్లచుట్టును కణములు గుంపులుగా మూగియుండెను. శత్రువును చుట్టుముట్టి మ్రింగు ఈ కణములకు గ్రీకుభాషలో పేరు పెట్టబడినది. తెలుగున వానిని భక్షకకణములనవచ్చును. మన రక్తములోని తెల్లకణములలో కొన్ని ఈ జాతివే. ఈ ఒక్క ప్రయోగము అతని జీవితమును త్రిప్పినది. జంతుశాస్త్రజ్ఞుడు వైద్యశాస్త్రములో ప్రవేశించెను.

ఒడెస్సాకు మరలివచ్చి 1886లో అచ్చటి సూక్ష్మజీవశాస్త్ర సంస్థకు అధ్యక్షుడయ్యెను గాని, వైద్యులతో పొసగక రెండేండ్లకే వదలుకొనెను. 1888లో పాస్తరు మహాశయుడు ప్యారిసులోని తన నూతన సంస్థలో అతనికి ప్రయోగశాల నొసగెను. మరణపర్యంతము, అనగా 28 సంవత్సరములు, అతడు అచ్చటనే యుండెను. శరీరరక్షణము కణములవలన జరుగుచున్నదని ఇతడును, రక్తద్రవమునందలి పదార్థములవలన జరుగుచున్నదని జర్మను పండితులును ఏండ్లతరబడి వాదించుకొనిరి. కడకు 1908లో నోబెల్ బహుమానమును ఇతనికిని, ప్రతిపక్షమువాడగు ఏర్లిఖ్ పండితునికిని కలిపి యిచ్చిరి. ఇరువురును నిజమే చెప్పిరని తరువాతి శాస్త్రము తేల్చినది.

అతని దృష్టి ప్రేగులవైపు మరలిన విధమును ఇక చెప్పవలెను. ఇందులో మన దేశమునకును కొంత సంబంధము కలదు.

1892లో ఫ్రాన్సు దేశమున కలరా వ్యాపించినది. కలరాకు కారణము కామా ఆకారమున నుండు సూక్ష్మజీవియని జర్మనీదేశపు కాఖ్ పండితుడు అప్పటికే చెప్పియుండెను. కొందరు నమ్మలేదు. మ్యూనిక్ నగరమున పెట్టెన్‌కోఫర్ అను వృద్ధాచార్యుడు ఆ సూక్ష్మజీవులను నీటిలో కలుపుకొని త్రాగి, కొద్దిపాటి విరేచనములతో బయటపడెను. మెచ్నికాఫునకును సందేహమే. తానును త్రాగెను. ఏమియు కాలేదు. సహాయకులలో ఒకడు త్రాగెను. అతనికిని ఏమియు కాలేదు. మరియొకడు త్రాగెను. అతనికి నిజమైన కలరా సోకి ప్రాణాపాయమయ్యెను! అదృష్టవశమున బ్రతికెను. ఇట్టి ప్రయోగములను నేడు ఏ శాస్త్రసంస్థయు అనుమతింపదు. తన ప్రాణమును పణముగా పెట్టుట ఒకటి, చేతిక్రిందివాని ప్రాణమును పెట్టుట వేరొకటి. ఈ విషయమున మేము మెచ్నికాఫును మెచ్చుకొనజాలము.

అయినను ఆ భయంకరానుభవమునుండి అతడు గొప్ప ప్రశ్న నొకదానిని గ్రహించెను. ఒకే విషమును త్రాగినవారిలో ఒకనికి రోగము వచ్చి మరియొకనికి రాకపోవుటకు హేతువేమి? త్రాగబడిన సూక్ష్మజీవి ఖాళీ గదిలో ప్రవేశించుట లేదు. ప్రేగులలో అంతకుముందే అసంఖ్యాకములగు ఇతర సూక్ష్మజీవులు కాపురమున్నవి. క్రొత్తగా వచ్చినదానిని అవి పొమ్మనునో రమ్మనునో చూడవలెను. అతడు గాజుపలకలమీద కలరా జీవులను ఇతర జీవులతో కలిపి పెంచి చూచెను. కొన్ని దానికి తోడ్పడెను; కొన్ని దానిని పెరుగనీయలేదు. పెద్ద కుందేళ్లకు కలరా రాదు. తల్లిపాలు మాత్రమే త్రాగు కుందేలు పిల్లలకు ఇచ్చిచూడగా వచ్చినది. వాని ప్రేగులలో ఇంకను ఇతర సూక్ష్మజీవులు అంతగా చేరియుండలేదని అతడు కారణము చెప్పెను. ప్రేగులలోని పూర్వనివాసులే మనకు కొంత కోటగోడయని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుమాటకు ఇది ఆదిరూపము. అతని జీవితమున భక్షకకణముల తరువాత ఎన్నదగిన పని ఇదియే యని మా అభిప్రాయము. పెరుగు ముచ్చట ఆ తరువాతిది. కలరా జీవి ప్రేగులలో ఎట్టి విషము విడిచి మనిషిని నీళ్లుగా కరగించుచున్నదో కనుగొనుటకు మరి అరువదియేండ్లకుపైగా పట్టినది. దానిని 1959లో నిరూపించినవాడు కలకత్తాలోని శంభునాథ్ దే అను భారతీయుడు.

ఆ కాలముననే మెచ్నికాఫు చెంత శిష్యుడొకడు ఉండెను. అతడు ఒడెస్సాలో చదువుకొన్న యూదు యువకుడు, పేరు హాఫ్‌కిన్. ప్యారిసు సంస్థలో మొదట గ్రంథాలయమున పనిచేయుచు, 1892లో కలరాకు టీకామందు తయారుచేసి తనమీదనే ప్రయోగించుకొనెను. మరుసటి సంవత్సరము భారతదేశమునకు వచ్చి కలకత్తా మొదలగు చోట్ల వేలమందికి టీకాలు వేసెను. 1896లో ముంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు అచ్చటికి వచ్చి, 1897 జనవరిలో ప్లేగు టీకాను కూడ మొదట తన శరీరముననే పొడిపించుకొనెను. ముంబాయి పరేల్‌లోని హాఫ్‌కిన్ సంస్థ ఇతని పేరుననే యున్నది. మీలో ముంబాయికి పోవువారు దానిని చూడవచ్చును.

ఇక ముసలితనము మాట. వయస్సు యాబదికి పైబడిన కొలది మెచ్నికాఫునకు ఒక చింత పట్టుకొన్నది. మానవుడు తన ఆయుష్షు నిండకముందే ఏల ముదిసిపోవుచున్నాడు? వృద్ధాప్యమును శాస్త్రీయముగా పరిశీలించు విద్యకు జెరంటాలజీ అని పేరు పెట్టినవాడు ఇతడే. 1903లో వెలువరించిన మానవస్వభావ గ్రంథములో ఆ పేరు మొదట కనబడును. అతడు కనుగొంటిననుకొన్న కారణము పెద్దప్రేగు. అచ్చట మిగిలిన ఆహారము చాలసేపు నిలిచి క్రుళ్లుచున్నది. క్రుళ్లించు సూక్ష్మజీవులు ఫీనాలు, ఇండోలు వంటి విషములను పుట్టించుచున్నవి. ఆ విషములు రక్తములో చేరి ధమనులను గట్టిపరచి, అవయవములను క్షీణింపజేయుచున్నవి. ఇది అతని వాదము. పెద్దప్రేగు పొట్టిగానుండు చిలుకవంటి పక్షులు దీర్ఘకాలము జీవించుచున్నవని, పొడవైన ప్రేగులుగల గుఱ్ఱములు మొదలగునవి త్వరగా ముదియుచున్నవని ఉదాహరణములు చూపెను. గబ్బిలముల ప్రేగులనుకూడ తెరచి చూచెను.

రోగమునకు కారణము క్రుళ్లుట యైనచో, క్రుళ్లును ఆపునదేది? దీనికి అతడు వంటింటిలోనే సమాధానము వెదకెను. మాంసము క్రుళ్లును, పాలు మాత్రము పులియును. పులిసిన పాలలోని లాక్టిక్ ఆమ్లము క్రుళ్లించు సూక్ష్మజీవులను పెరుగనీయదు. మన ఇండ్లలో మిరపకాయలను మజ్జిగలో ఊరవేసి నిలువచేయుటలో ఉప్పునకును ఎండకును తోడు ఈ పులుపును పనిచేయుచున్నది. అట్లైనచో పులియబెట్టు సూక్ష్మజీవులను ప్రేగులలోనికి పంపిన, అచ్చటి క్రుళ్లుకూడ ఆగదా? బల్గేరియా దేశపు పల్లెలలో పుల్లని పెరుగు త్రాగువారు నూరేండ్లకు పైబడి బ్రతుకుచున్నారని అతడు వినియుండెను. 1905లో జెనీవాలో చదువుచుండిన గ్రిగొరోవ్ అను బల్గేరియా యువకుడు ఆ పెరుగులోని కడ్డీవంటి సూక్ష్మజీవిని వేరుచేసి చూపెను. మెచ్నికాఫు దానిని తన ప్రయోగశాలలో పెంచి, దానితో తోడుపెట్టిన పెరుగును తానే ప్రతిదినము సేవింపసాగెను. పచ్చి పదార్థములను ముట్టడు. మద్యము, పొగాకు లేవు. ఈ నియమములను మరణించువరకు తప్పలేదు.

పొరుగు రాష్ట్రమున మేము ఉపాధ్యాయశిక్షణ పొందుచుండిన దినములలో మా విజ్ఞానశాస్త్రాచార్యులు ఒక చుక్క మజ్జిగకు రంగువేసి సూక్ష్మదర్శినిలో చూపించిరి. కొన్ని జీవులు పొట్టి కడ్డీలవలెను, కొన్ని పూసలదండలవలెను కనబడినవి. సాహిత్యవిద్యార్థులమగు మాకు అది ఒక వింత. మన పెరుగులోని జీవులును బల్గేరియా పెరుగులోని జీవులును ఒకే కుదురువి కావు. బంధువులు మాత్రము అగును.

1904 జూన్ నెలలో ప్యారిసులో మెచ్నికాఫు ముసలితనమును గూర్చి బహిరంగోపన్యాసము చేసెను. అందు పుల్లపాల ప్రసక్తి వచ్చినది. అతడు జాగ్రత్తగానే మాటలాడెను. ఇది పరీక్షింపదగిన ఉపాయమని మాత్రమే అతని భావము. పత్రికలు ఆ జాగ్రత్తను వదలివేసి, చావును జయించు పెరుగు కనుగొనబడినదని చాటినవి. ప్యారిసులోని జనము పెరుగు అంగళ్లపై విరుచుకొనిపడిరి. ఐరోపాలోను అమెరికాలోను బిళ్లలు, పొడులు, సీసాలు అమ్మకమునకు వచ్చినవి. వర్తకులు అతని పేరును వాడుకొనిరి. వైద్యులు ఉత్తరములు వ్రాసి ఉక్కిరిబిక్కిరి చేసిరి. లండనులో ఆర్బత్‌నాట్ లేన్ అను పేరుపొందిన శస్త్రవైద్యుడు పెద్దప్రేగే అనర్థమూలమని నమ్మి, మలబద్ధకముగల రోగుల పెద్దప్రేగులనే కోసి తీసివేయసాగెను. కొందరు రోగులు మరణించిరి. ఒక ఊహ నిరూపణ కాకముందే వీధిలోనికి పోయిన ఎంత దూరము పోవునో చూడుడు.

ఈ ఊహలో ఏమి నిలిచినది? దోషములనే ముందు చెప్పెదము.

మొదటిది: బల్గేరియా వృద్ధుల వయస్సులకు నమ్మదగిన జనన లేఖనములు అరుదు. వారికి దీర్ఘాయువు కలదన్నను, అది పెరుగువలననే యనుటకు ఆధారము లేదు. రెండవది: 1921 ప్రాంతమున అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున రెట్గర్, చెప్లిన్ అను వారలు పరీక్షించి, బల్గేరియా పెరుగుజీవి మన ప్రేగులలో కాపురము నిలువదని కనుగొనిరి. అది వచ్చిన దారినే పోవును. మూడవది అన్నింటికంటె పెద్దది. మెచ్నికాఫు పెద్దప్రేగును పనికిరాని, హానికరమగు అవయవమనుకొనెను. అది నీటిని పీల్చి దేహమునకు అందించును. అంతకంటె ముఖ్యముగా, మన జీర్ణరసములు కరగింపజాలని పీచును అచ్చటి సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరిక్ ఆమ్లము మొదలగువానిగా మార్చుచున్నవి. పెద్దప్రేగు లోపలి పొరకు ప్రధానాహారము ఈ ఆమ్లమే. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు తినువాడు తన్ను పోషించుకొనుటయే కాక వానినికూడ పోషించుచున్నాడు. కొన్ని విటమినులను సైతము అవి మనకు తయారుచేసి యిచ్చుచున్నవి. శత్రువులనుకొన్నవారిలో పెక్కురు మనకు కూలిలేని పనివారు!

2016లో శాస్త్రజ్ఞులు వేసిన లెక్కనుబట్టి 70 కిలోల బరువుగల మనుష్యునిలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు ఉండును. అతని స్వంత కణములు సుమారు 30 లక్షల కోట్లు. బాక్టీరియాలన్నింటి బరువు మాత్రము 200 గ్రాములు మించదు. వీనిలో అత్యధికభాగము నివసించునది పెద్దప్రేగులోనే.

నిలిచిన భాగమును ఇప్పుడు చూతము. ప్రేగులలో ఎవరు నివసించుచున్నారను దానినిబట్టి దేహస్థితి మారునను మూలసూత్రము నిలిచినది. 2004లో అమెరికాలోని సెంట్ లూయీ నగరమున గోర్డన్ పండితుని బృందము ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన ఎలుకలలో మామూలు ఎలుకల ప్రేగుజీవులను ప్రవేశపెట్టిరి. రెండు వారములలో వాని కొవ్వు సుమారు 60 శాతము పెరిగినది. తిండి తగ్గినను ఇట్లు జరిగినది! 2013లో అదే బృందము మరియొకటి చేసినది. కవలలలో ఒకరు లావు, ఒకరు సన్నమైన జంటలను ఎన్నుకొని, వారి ప్రేగుజీవులను వేరువేరు ఎలుకలకు ఇచ్చిరి. లావైన వారి జీవులు చేరిన ఎలుకలే ఎక్కువ కొవ్వు పట్టినవి. మనిషి బరువునకును మధుమేహమునకును ఇవి ఎంతవరకు కారణమో ఇంకను తేలవలసి యున్నది. ఎలుకలో జరిగినదెల్ల మనిషిలో జరుగదు. అదే 2013లో హాలండు దేశపు వైద్యులు ప్రకటించిన ఫలితము మాత్రము మనుష్యులమీదిదే. ఆంటీబయాటిక్ మందులు ఎక్కువగా వాడినవారికి ప్రేగులలోని మేలుజీవులు నశించి, క్లాస్ట్రీడియమ్ అను దుష్టజీవి విజృంభించి, ఎడతెగని విరేచనములు పట్టుకొనును. ఆరోగ్యవంతుని మలమునుండి తీసిన ద్రవమును ప్రేగులలోనికి పంపగా 16 మంది రోగులలో 13 మందికి మొదటిమారే నయమైనది. మందు మాత్రమే యిచ్చిన 13 మందిలో నయమైనవారు నలుగురే. చదువుటకు రోతగా నుండవచ్చును. కాని, ఖాళీచేయబడిన ఇంటిలో మరల మంచి కాపురస్థులను నింపుట యను ఈ పని, 1890లలో గాజుపలకలమీద మెచ్నికాఫు చూచినదానికి కొనసాగింపే. చిన్న జలుబునకు అంగడిలో అడిగి ఆంటీబయాటిక్ కొని మ్రింగువారు తమ కోటగోడను తామే పగులగొట్టుకొనుచున్నారు.

అతడు నిందించిన విషములనుకూడ పూర్తిగా కొట్టివేయుటకు వీలులేదు. ప్రేగుజీవులు పుట్టించు క్రెసాల్, ఇండోల్ జాతి పదార్థములు మూత్రపిండములు చెడినవారి రక్తములో పేరుకొనునని, వానిని నేటి వైద్యులు హానికరములుగనే లెక్కించుచున్నారని మనము ఎరుగవలెను. మూత్రపిండములు బాగుగానున్నవారు వానిని బయటకు పంపివేయుదురు.

పెరుగు సంగతి? అది ఆయుష్షు పెంచు అమృతము కాదు. పాలు సరిపడని వారికి పాలలోని చక్కెర అరుగదు. వారికి పెరుగు సులభముగా జీర్ణమగును, ఏలనగా పెరుగుజీవులే ఆ చక్కెరను విరుచుటకు తోడ్పడును. ఇది నిలిచిన సత్యము. అది మంచి ఆహారము; వంటింటిలో తోడుపెట్టినది చవుక. మెచ్నికాఫు ఊహనుండి పుట్టిన వ్యాపారము మాత్రము పెరుగుచునే వచ్చినది. 1919లో బార్సిలోనా నగరమున కరాసో అను నతడు పెరుగు తయారుచేసి డానోన్ పేరిట మందులదుకాణములద్వారా అమ్మింపసాగెను. జపానులో షిరోటా అను వైద్యుడు వేరొక సూక్ష్మజీవిని ఎన్నుకొని 1935లో యాకుల్ట్ అను పానీయమును వెలువరించెను. నేడు మన నగరములలోని అంగళ్లలో మేలుజీవుల పేరుతో ఎన్నో డబ్బాలు కనబడుచున్నవి. ఏ జీవి, ఏ వ్యాధికి, ఎంత పరిమాణమున, ఎవరిమీద పరీక్షింపబడినదో అడుగక కొనుట తగదు.

ఇక అతని కడపటి సంవత్సరములకు వత్తము. నోబెల్ బహుమానము పొందిన మరుసటి సంవత్సరము, 1909 మే నెలలో, అతడు స్వదేశమునకు పోయి టాల్‌స్టాయి మహర్షిని దర్శించెను. ఆ యిరువురికి పూర్వసంబంధము ఒకటి కలదు. మెచ్నికాఫు అన్న ఇవాన్ న్యాయశాఖలో ఉద్యోగి. 45వ యేట మరణించెను. ఆ మరణమే టాల్‌స్టాయి వ్రాసిన ఇవాన్ ఇల్యిచ్ మరణము అను ప్రసిద్ధ కథకు మూలము. ఒకడు మృత్యుభయమును ధర్మచింతనతో జయింప యత్నించెను, ఒకడు ప్రయోగశాలలో. ఆనాడు ఒకరినొకరు ఒప్పింపలేకపోయిరి.

చివరివరకు అతడు తన సిద్ధాంతమును తానే సవరించుకొనుచుండెను. పులియబెట్టు జీవులు పెద్దప్రేగులో నిలువవలెనన్న వానికి అచ్చట చక్కెర ఆహారముగా దొరకవలెను. మనము తిన్న చక్కెర అంతదూరము పోకమునుపే రక్తములో చేరిపోవును. కావున పిండిపదార్థమును పెద్దప్రేగులోనే చక్కెరగా మార్చు జీవిని వెదకి, కుక్కప్రేగులనుండి అట్టిదానిని సంపాదించి, 1912 ప్రాంతమున పరీక్షలు సాగించెను. ప్రేగుజీవులకు మేలుచేయవలెనన్న వానికి తగిన మేత పంపవలెనను నేటి భావమునకు ఇది సమీపము. పనిముట్టు తప్పినను చూపు సరియైన దిక్కునే యుండెను.

1914లో ప్రపంచయుద్ధము వచ్చినది. ప్రయోగశాలలోని యువకులు యుద్ధమునకు పోయిరి. శాస్త్రము మనుష్యులను కలుపునని నమ్మిన వృద్ధుడు ఖాళీగదులలో మిగిలిపోయెను. ఆ సమయముననే పాస్తరు, లిస్టరు, కాఖ్ పండితుల చరిత్రలను వ్రాసి ప్రకటించెను. వారిలో కాఖ్ జర్మను దేశీయుడు. అతనితో ఇతనికి చిరకాలము వైరము. ఫ్రాన్సు జర్మనీతో పోరాడుచున్న దినములలోను ఇతడు ఆ వైరము పాటింపక అతని గొప్పతనమును చెప్పుటను మేము ప్రత్యేకముగా గమనించితిమి.

1915 చివర గుండెజబ్బు ముదిరినది. పాస్తరు సంస్థలో పూర్వము పాస్తరు మహాశయుడు నివసించిన గదులలోనే అతనిని ఉంచి పరిచర్యలు చేసిరి. అన్నలలో ఇవాన్ 45 ఏండ్లకును, భూగోళశాస్త్రజ్ఞుడగు లేవ్ 50 ఏండ్లకును పోగా, తాను ఎడుబదియేండ్లు దాటితినని అతడు తృప్తిచెందెను. అది తన ఆహారనియమముల ఫలమే యని నమ్మెను. ఒక్కని ఆయుష్షు ఏ సిద్ధాంతమునకును ప్రమాణము కాజాలదు. అతడును ఆ సంగతి ఎరుగును కాబోలు, తన దేహమునుకూడ పరీక్షకే అప్పగించెను. సలింబేని అను సహోద్యోగి వైద్యుని పిలిచి, తాను పోయిన పిమ్మట తన శరీరమును కోసి చూడుమని, ప్రేగులను మరింత శ్రద్ధతో పరిశీలింపుమని కోరెను. 1916వ సంవత్సరము జులై 15వ తేదీన, 71 ఏండ్ల వయస్సున, గుండె ఆగి మరణించెను. ఓల్గా చెంతనే యుండెను. తరువాత ఆమెయే అతని జీవితచరిత్రమును వ్రాసెను. దేహమును దహనముచేసి, చితాభస్మమును ఒక పాత్రలో నుంచి, పాస్తరు సంస్థ గ్రంథాలయములో పుస్తకముల నడుమ నిలిపిరి.